అద్దం ఆట నాది కాదు

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం, కర్నూలులో మా అమ్మాయి అద్దెకుంటున్న ఇంట్లో నేను ఒక అబద్ధం చెప్పాను. కొత్తదేమీ కాదు, ముప్పై ఐదేళ్ళుగా చెబుతున్నదే. కానీ ఈసారి విన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల వల్లే ఇది రాయాల్సి వచ్చింది.

ఆ రోజు మా అమ్మాయి, ఆమె ఆఫీసు స్నేహితులు నలుగురు భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడుతున్నారు. బల్ల మీద కొన్ని కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాలున్న ఒక పాచిక, బొరుగుల గిన్నె. అంతే. ఒకతను కథ చెబుతున్నాడు. "మీరు గుహ ముందుకు వచ్చారు. లోపల నుంచి పొగ వస్తోంది. ఏం చేస్తారు?" మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒకమ్మాయి పొడుగు చెవుల విలుకత్తె. మా అమ్మాయి సగం మంత్రాలు మర్చిపోయిన మంత్రగత్తె. ఒక కుర్రాడు లేచి నిలబడి, చేయి చాపి, తన కత్తి దెబ్బకు తానే పెట్టుకున్న పేరును గట్టిగా అరిచాడు. పక్కింటి కుక్క మొరిగింది.

"దెబ్బ పేరు ముందే అరిస్తే శత్రువు జాగ్రత్త పడడా నాయనా?" అని అడిగాను.

"జపాన్ కార్టూన్లలో అంతే అంకుల్. అరవకపోతే దెబ్బ తగలదు."

మా అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వివరించింది. ఇలాంటి ఆటలు మొదలుపెట్టినవాళ్ళు ఇంగ్లీషు మాయా నవలలు చదివి పెరిగినవాళ్ళట. అందుకే గుహలు, నిధులు, పొడుగు చెవులు. తర్వాత జపాన్ బొమ్మల కథలు చూసి పెరిగినవాళ్ళు బల్ల దగ్గరికి వచ్చారు. ఆట మారింది. ఇప్పుడు నిధి కంటే నేస్తం ముఖ్యం. ప్రతి పాత్రకూ చిన్నప్పటి దుఃఖం ఒకటి ఉండాలి. ఓడిపోయిన శత్రువు మూడో వారానికల్లా మన పక్షాన చేరిపోవాలి.

"ఇదే ఆట మేం ఆదోనిలో ఆడాం, మీరెవరూ పుట్టకముందు" అన్నాను. నవ్వారు. చెప్పాను. నవ్వడం ఆపి విన్నారు. చివర్లో ఆ కత్తి కుర్రాడు అడిగాడు. "అంకుల్, అది కనిపెట్టింది ఎవరు?"

"నేనే" అన్నాను.

అలవాటుగా వచ్చేసింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి కళ్ళలో గర్వం చూశాను. అది చూశాక చేతిలోని బొరుగులు తిరిగి గిన్నెలో పోసేశాను.

జరిగింది ఇది.

ఎనభైల మొదట్లో నేను ఆదోనిలో ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేరాను. పెళ్ళి పత్రికలు, పత్తి వ్యాపారుల పుస్తకాలు, సినిమా కరపత్రాలు మా ప్రధాన ఆహారం. మా నాన్న మంత్రాలయం దగ్గర గుడి కొలువులో ఉండేవాడు. తెలుగు తప్పుల్లేకుండా వస్తుందన్న గర్వం తప్ప నాకు వేరే ఆస్తి లేదు.

అక్కడ మేం ముగ్గురం, పైన యజమాని. అక్షరాలు పేర్చే కంపోజిటర్ ఆదోని ముస్లిం కుటుంబంవాడు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అన్నా అనేవాణ్ణి. సీసపు అక్షరాలు అద్దంలో బొమ్మలా ఎడమ కుడి తారుమారుగా ఉంటాయి. వాటిని తలకిందులుగా పట్టుకుని కూడా ఆయన వార్తాపత్రిక చదివినట్టు చదివేవాడు. ట్రెడిల్ అనే అచ్చు మిషను నడిపే ఆయన ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చినవాడు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. చదువు అంతంతమాత్రం. నన్ను "సామీ" అని పిలిచి ఏడిపించేవాడు.

ఆ ఏడాది మా ప్రెస్సు ఒక జానపద నవల అచ్చు వేస్తోంది. రచయిత మాధవరం వైపు బడిపంతులు. ఒక్కో అధ్యాయం రాసి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాడు. అన్న అక్షరాలు పేరుస్తూ పైకి చదివేవాడు. రాకుమారుడు, మంత్రగాడు, మాట్లాడే గద్ద. మాకు అదే రేడియో నాటకం.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అప్పట్లో రెండింటికి పోతే నాలుగింటికి వచ్చేది. అదే రోజు కండక్టరు ఖాళీ చేతులు ఊపుతూ పోయాడు. అధ్యాయం రాలేదు. కథ ఏడు తలుపుల గుహ ముందు ఆగిపోయింది.

"ఇప్పుడెట్లన్నా? లోపల ఏముండాది?" అన్నాడు ట్రెడిల్ ఆయన.

"నాకేం తెలుసప్పా? రాకుమారునివి నువ్వే అనుకో. ఏ తలుపు తీస్తావు?"

"నేను రాకుమారుణ్ణి గాను. మంత్రగాణ్ణి."

"అరె, మంత్రగాడు కడాకు సచ్చిపోతాడు గదప్పా!"

"అందుకే. ఈతూరి సావను."

అన్న కాసేపు ఆయన వైపు చూసి, పక్కనున్న పెట్టెలోంచి ఏడు క్వాడ్లు తీశాడు. క్వాడ్ అంటే మాటల మధ్య ఖాళీ కోసం పెట్టే సీసపు ముక్క. దాని మీద అక్షరం ఉండదు. నాలుగు పక్కల్లో ఒక పక్క మాత్రం చిన్న గాటు ఉంటుంది. చీకట్లో కూడా కంపోజిటర్ బొటనవేలితో ఆ గాటు తడిమి ముక్కను సరిగ్గా నిలబెట్టగలడు. ఆ ఏడింటినీ గుప్పిట్లో గలగలలాడించి బల్ల మీద వేశాడు.

"గాట్లు రెండుగానీ, ఎక్కువగానీ పైకి పడితే నీ మంత్రం పారినట్టు. ఒకటే పడినా, ఏమీ పడకపోయినా నువ్వు పడినట్టు. వెయ్యి."

ఆట అలా పుట్టింది. కథ చెప్పేది అన్న. మంత్రగాడు ట్రెడిల్ ఆయన. మిగిలిన రాకుమారుడి వేషం నాకు దక్కింది. అంతకు ముందు నేను ఏ ఆటలోనూ రాకుమారుణ్ణి కాదు.

నవల నుంచి ఆటలోకి చాలా వచ్చాయి. నవలలో మంత్రగాడు మంత్రం వేసేముందు గురువు మీద ఒట్టు పెట్టి గర్జిస్తాడు. మా ట్రెడిల్ ఆయన గర్జిస్తే ఎదురు అంగడివాళ్ళు ఎవరికో చెయ్యి మిషన్లో పడిందనుకుని పరిగెత్తి వచ్చారు. కత్తి కుర్రాడు అరిచినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గర్జనే. నవలలో శాపం పడినవాడు దాచుకున్న నిజం ఒకటి బయటపెడితే శాపం పోతుంది. అన్న దాన్ని ఇంకో మలుపు తిప్పాడు. ఆటలో పడిపోయినవాడు తన సొంత బతుకులోంచి, బల్ల దగ్గర ఎవరికీ తెలియని నిజం ఒకటి చెప్పాలి. చెబితే ఇంకోసారి వేయొచ్చు.

"సామీ, పోయిన శుక్రవారం నీ క్యారియర్లో ఒబ్బట్లు పిల్లి తినలేదు" అన్నాడు ట్రెడిల్ ఆయన మొదటి శాపానికి.

"మా బామ్మర్ది పెండ్లి కార్డులో మా మామ పేరు చిన్నక్షరాల్లో పడింది పొరపాటున గాదు" అన్నాడు అన్న.

నాకు కన్నడం రాదనీ, బళ్ళారి కరపత్రాల ప్రూఫులు ఊరికే చూసినట్టు నటించి సంతకం పెడుతున్నాననీ నేను ఒప్పుకున్నాను. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంకోసారి ట్రెడిల్ ఆయన "నాకు గురక వస్తాది" అన్నాడు. "అది ఊరంతా తెలుసు. తెలిసింది చెల్లదు" అని అన్న కొట్టిపారేశాడు.

ట్రెడిల్ ఆయన ఆడిన మంత్రగాడు నిజంగానే చావలేదు. ఒకరోజు నా రాకుమారుడు బావిలో పడితే, "ఒంటిగా కొట్లాడి కొట్లాడి యిసుగొచ్చింది సామీ, రా పైకి" అని తాడు వేశాడు. పంతులు ఒకసారి ప్రెస్సుకు వచ్చి ఈ సంగతి విన్నాడు. పకపకా నవ్వి, నవల చివరి అధ్యాయంలో మంత్రగాణ్ణి బతికించేశాడు. ఓడిన శత్రువు మన పక్షాన చేరడం జపాన్‌వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలా అని మా అమ్మాయిని అడగాలనిపించింది. అడగలేదు.

ఒక మధ్యాహ్నం యజమాని మమ్మల్ని పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాం. గుమ్మంలో నిలబడి గంటసేపు చూశాడు. "దీనికి వైకుంఠపాళి మాదిరి ఒక పటం వేసి, ఆడేది ఎట్లనో కాగితం మీద కొట్టి, ఎమ్మిగనూరు జాతరలో పెడితే?" అన్నాడు.

బొమ్మలు వేయడం నాకు కొంచెం వచ్చు. పటం నేను చెక్కుతానన్నాను. రబ్బరు లాంటి మందపాటి లినోలియం ముక్క మీద అరవై గళ్ళ దారి, గుహ, కోట, గద్ద, అంకెలు, ఊళ్ళ పేర్లు అన్నీ పది రోజులు కూర్చుని చెక్కాను. అన్న వచ్చి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టాను. "ప్రూఫ్ తీసి చూద్దామా అప్పా?" అన్నాడు. "బొమ్మే కదన్నా, ప్రూఫెందుకు?" అన్నాను. ఆయన మధ్యాహ్నం నమాజుకు వెళ్ళినప్పుడు దాన్ని మిషనెక్కించేశాం.

జీవితమంతా అచ్చయిన కాగితాన్ని మాత్రమే చదివినవాడు చేసే తప్పు ఇది. అచ్చు పడాల్సినదాన్ని తారుమారుగా చెక్కాలి. నేను తిన్నగా చెక్కాను. పటమంతా అద్దంలో చూసినట్టు అచ్చయింది. దారి కుడి నుంచి ఎడమకు పోతోంది. అంకెలు వెనక్కి తిరిగి నిలబడ్డాయి. అన్న తిరిగి వచ్చేసరికి కాగితం మొత్తం అయిపోయింది.

"మొదటి కాగితం చూసినప్పుడే ఆపలేదేమప్పా?" అని అన్న ట్రెడిల్ ఆయన్ని అడిగాడు.

"మంత్రగాని రాజ్యం గదా, అన్నీ తిరగబడే ఉంటాయేమో అనుకుంటినన్నా."

అన్న పటం ఒకటి చేతిలోకి తీసుకుని, "నాకైతే సరిగ్గానే పోతాండాది దారి. ఉర్దూ చదివినట్టే ఉంది" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఉద్యోగం పోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున అన్న జేబులోంచి ఒక గుండ్రటి అద్దం తీశాడు. రేకు అంచు, ఒక పక్క చిన్న పగులు. దాన్ని పటం పక్కన నిలబెట్టాడు. అద్దంలో అంకెలు తిన్నగా నిలబడ్డాయి. "మంత్రగాని రాజ్యంలో అంతా తారుమారు. అద్దం లేనిదే దారి దొరకదు. ఇట్ల రాద్దాం. పటంతో పాటు ఒక అద్దం ఇద్దాం. జాతరలో గాజుల అంగళ్ళ వాళ్ళ దగ్గర కావలసినన్ని దొరుకుతాయి" అన్నాడు. "నీ బుర్రే బుర్రన్నా" అన్నాను. ఆయన అప్పటికప్పుడు కూర్చుని ఆట నియమాలన్నీ ఒక కాగితం మీద రాశాడు. రాసి, చుట్టాల పెళ్ళికి రెండు రోజులు దేవనకొండకు వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం యజమాని నన్ను గదిలోకి పిలిచాడు. బల్ల మీద పటం, అద్దం, నియమాల కాగితం ఉన్నాయి. ముఖంలో కోపం లేదు.

"ఏమప్పా, ఈ అద్దం తెలివి ఎవరిది? ఆట అంతా ఎవరు కట్టింది?" అన్నాడు. నేను జవాబిచ్చేలోపే ఇంకో మాట అన్నాడు. "ఎమ్మిగనూరులో బ్రాంచి పెడతాండాను. బుర్ర ఉండేవాడు ఒకడు కావల్ల, చూసుకోనీక."

మీరు ఉద్యోగాల్లో కొత్తగా చేరి ఉంటే ఇది వినండి. ఇలాంటి ప్రశ్న ముందుగా చెప్పి రాదు. జవాబుకు రెండు క్షణాలు దొరుకుతాయి. ఆ రెండు క్షణాల్లో నేను అన్న గురించి ఆలోచించలేదు. ఎమ్మిగనూరులో నా పేరుతో ఉండబోయే కుర్చీ గురించి ఆలోచించాను.

"నాదే సార్" అన్నాను.

"రాత మన కంపోజిటర్ది మాదిరుందే?"

"నేను చెబుతుంటే ఆయన రాసినాడు సార్."

మూడో రోజు అన్న వచ్చాడు. యజమాని, ఆట పెట్టి అమ్మే అట్ట మీద వేయాల్సిన మాటలు తన చేత్తో రాసి కంపోజింగుకు ఇచ్చాడు. ఆట పేరు, కింద "ఈ ఆటను కల్పించినవారు" అని, దాని కింద నా పేరు. అన్న చదివాడు. నా వైపు చూడలేదు. ఒక్కొక్క అక్షరం తీసి పేర్చాడు. మామూలుగా ఏది పేర్చినా పైకి చదివే మనిషి, ఆ రోజు చదవలేదు.

నేనే వెళ్ళి చెప్పాను. "సార్ తనంతట తనే రాసుకున్నాడన్నా. నేనేం చెప్పలేదు."

"పోనీలేప్పా" అన్నాడు. ప్రూఫ్ తీసి నా బల్ల మీద పెట్టాడు. "తప్పులేమన్నా ఉంటే దిద్దు."

చదివాను. ఒకచోట కామా పడలేదు. దిద్దాను. కింద సంతకం పెట్టాను.

జాతరలో మా ఆట బాగా పోయింది. పిల్లలు అద్దాలు పట్టుకుని గుంపులు గుంపులుగా కింద కూర్చున్నారు. ఎవరు పడిపోయినా శాపం తీరడానికి నిజాలు చెప్పాలి కదా, ఒకడు తన అన్న బీడీలు తాగుతాడని జాతరంతా వినేలా చెప్పి తన్నులు తిన్నాడు. పటం తారుమారుగా అచ్చు వేయించడం ఎంత గొప్ప ఆలోచన అని ఒక పెద్దమనిషి నా భుజం తట్టాడు. కృష్ణగిరి నుంచి వచ్చిన ఒక టీచరు, పిల్లలకు దీనితో అంకెలు నేర్పుతానని చెప్పి నా చేత పటం మీద సంతకం పెట్టించుకుంది. పెట్టాను. కింద తేదీ కూడా వేశాను.

ఎమ్మిగనూరు బ్రాంచికి నేను వెళ్ళే రోజు అన్న బస్టాండుకు వచ్చాడు. అగ్గిపెట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. లోపల ఆ ఏడు క్వాడ్లు. "తీసుకపో అప్పా. ఆడ గూడా ఎవురన్నా జత కుదిరితే ఆడుకోండి" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే ఎంత సుఖంగా ఉండేది!

ఎమ్మిగనూరులో చాలా ఏళ్ళు పనిచేశాను. సీసం పోయి ఆఫ్‌సెట్ వచ్చింది. కంప్యూటర్లు వచ్చాయి. మొన్ననే ముందస్తుగా విరమించాను. ఆదోనికి పని మీద ఎన్నోసార్లు వెళ్ళాను. ఆయన ఇంటి వీధి తప్పించి ఇంకో వీధిలోంచి నడిచేవాణ్ణి. ఆ అగ్గిపెట్టె మాత్రం ఎన్ని ఇళ్ళు మారినా నాతోనే వచ్చింది.

మా అమ్మాయి ఇంట్లో చప్పట్లు విన్న వారానికి, ఒక మధ్యాహ్నం ఆదోని బస్సెక్కాను.

ఆయన వరండాలో కూర్చుని నోటుబుక్కులకు దారం కుడుతున్నాడు. డెబ్బై దాటాయి. చూపు బాగా తగ్గింది. గొంతు విని గుర్తుపట్టాడు.

"అరె, రాకుమారుడు వచ్చినాడే!" అని లోపలికి కేకేశాడు. "టీ పెట్టు. ఒబ్బట్టు లేదుగాని బిస్కట్లుంటే తే!"

టీ తాగాక అగ్గిపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాను. మూత తీయకుండానే ఊపి చూసి నవ్వాడు. "ఏడూ ఉండాయా?"

"ఉన్నాయన్నా. నీతో ఒక మాట చెప్పాలి."

"అట్ల ఊరికే చెప్తే ఎట్ల? ఆట ఉంది గదా. వెయ్యి."

వేశాను. ఒక్క గాటు. ఆయన వేళ్ళతో తడిమి, "పడితివి" అన్నాడు. "నిజం చెప్పు."

"అట్ట మీద నా పేరు పడింది. ఆట నాది కాదు, నీది."

"అదేమి నిజమప్పా? ఆ పేరు పేర్చింది ఎవురు? నేనే గదా. తెలిసింది చెల్లదు. తెలియంది చెప్పు."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నేను నేల చూశాను.

"సార్ తనంతట తను రాయలేదన్నా. ఆ రోజు ఎవరిదని అడిగినాడు. నాదే అని నేనే చెప్పినా. నేను చెబుతుంటే నువ్వు రాసినావని గూడా చెప్పినా."

ఆయన నవ్వు ఆగింది. పక్కనున్న నోటుబుక్కును దూరంగా జరిపాడు.

"ఇది నాకు తెలీదు" అన్నాడు. "నోరు తెరవలేక ఊరుకున్నావు అనుకుంటి. పిల్లోడు, భయపడినాడులే అనుకుంటి ఇన్నేండ్లూ."

"భయం కాదన్నా. ఆశ."

ఏడు ముక్కలూ తడిమి ఏరి నా అరచేతిలో పోశాడు. "చెల్లింది. వెయ్యి."

వేశాను. రెండు పడ్డాయి. సరిగ్గా రెండే. "ఇంకొంచెముంటే మళ్ళ బావిలోనే ఉంటివి" అన్నాడు.

ఇదంతా ఆయన పేరుతో రాస్తానన్నాను. ఒద్దన్నాడు. "పేర్లు పెట్టబట్టే ఈ గలాటా అంతా వచ్చింది. ఎవురి పేరూ ఒద్దు. నీది గూడా." తర్వాత క్వాడ్లు తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. "నా వంతు." వేశాడు. తడిమాడు. మళ్ళీ తడిమాడు. గాటు ఒక్కటీ లేదు.

"పడితిని" అని కాస్త సిగ్గుగా నవ్వాడు. "చెప్పల్లనా?"

"చెప్పాలి కదన్నా."

"అద్దం నాది గాదప్పా. ఆ పొద్దు తెల్లారగానే ట్రెడిల్ ఆయప్ప మా ఇంటికి వచ్చినాడు. నువ్వు ఉద్యోగం పోతాదని ఏడుస్తాంటివి గదా, అది చూసి పడుకోలేకపోయినాడంట. అది ఆయప్ప గడ్డం గీసుకునే అద్దం. 'నేను చెప్తే ఎవురూ వినరు, చదువురానోణ్ణి. నువ్వు చెప్పన్నా' అన్నాడు. చెప్పినా. నువ్వు నన్ను మెచ్చుకుంటివి. బాగుండింది. ఊరుకుంటి."

ట్రెడిల్ ఆయన పోయి పదేళ్ళయింది. ఆయన పెద్దకర్మకు కూడా నేను వెళ్ళలేదు.

"ఇది కూడా రాస్తానన్నా" అన్నాను.

"రాయి. రాసి నాకు చదివి వినిపించు. ఈతూరి ప్రూఫ్ నేను చూస్తా." ఏడు క్వాడ్లూ మళ్ళీ గుప్పిట్లోకి తీసుకుని గలగలలాడించాడు. "ఇది ఆయప్ప వంతు" అని వేశాడు. బొటనవేలితో ఒక్కొక్కటే తడుముతూ లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"సూస్తివా" అన్నాడు. "మంత్రగాడు ఈతూరి గూడా సావలేదు."